ఆమె ఒక్కదానికే గ్లౌజులు

తొంభైలలో ఆత్మకూరులోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో నేను రక్తపరీక్షలు చేసేదాన్ని. ల్యాబ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. వరండా చివర ఒక బల్ల, లోపల కిటికీ లేని గది, అంతే. వెలుతురు కోసం రక్తం వరండాలోనే తీసేవాళ్లం. ఎవరికి ఏ పరీక్షో బెంచీల మీద కూర్చున్న వాళ్లందరికీ తెలిసిపోయేది. పక్కవాళ్ల జబ్బేమిటని అడిగి తెలుసుకోవడం మా వైపు మర్యాద కింద లెక్క. అడగకపోతేనే తప్పు.

మా వీధికి పాలు పోసే అమ్మాయి ఒక పొద్దున పాలు కొలిచాక కూడా గుమ్మంలో కదలకుండా నిలబడింది. మొగుడు లారీ డ్రైవరు, చిక్కి శల్యమై ఆ ఏడాదే పోయాడు. జనానికి టీబీ అని చెప్పుకున్నారు. నెల్లూరు డాక్టర్లు మాత్రం ఆమెను కూడా ఎయిడ్స్ పరీక్ష చేయించుకోమన్నారట. మా అమ్మ లోపలికి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అంది.

"ఎవురికీ తెలీకూడదక్కా. తెలిస్తే ఉన్న గిరాకీ అంతా పోతాది. ఇద్దరు బిడ్డలుండారు నాకు."

తెలియనివ్వనని మాటిచ్చాను. మధ్యాహ్నం జనం పలచబడ్డాక రమ్మన్నాను. లోపలి గదిలో తీస్తానన్నాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోవాలా! గదిలో కన్ను పొడుచుకున్నా కానరాదు. వరండాలో ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్లున్నారు, అందులో మా వీధి వాళ్లూ ఉన్నారు. గత్యంతరం లేక ఆమెను బల్ల దగ్గరే కూర్చోబెట్టి, షుగరు పరీక్ష అని అందరికీ వినపడేలా చెప్పి, చేతికి రబ్బరు ట్యూబు కట్టాను. ఇంత చిన్న వయసులో షుగరేమిటని ఒకావిడ జాలి కూడా పడింది. గండం గడిచిందనుకున్నాను.

అంతలో డాక్టరుగారు బయటికి వచ్చారు. అది ఏ పరీక్షో ఆయనకి తెలుసు. చెడ్డ మనిషి కాదు. నా మంచి కోరే అన్నారు, ఇప్పటికీ నా కడుపుమంట అదే.

"ఆగమ్మా, గ్లౌజులు లేకుండా తీయొద్దు."

ఆ రోజుల్లో మా దగ్గర కాన్పులకీ కుట్లు వేయడానికీ తప్ప గ్లౌజులు బయటికి తీసేవాళ్లం కాదు. పొద్దుటి నుంచి అందరికీ వట్టి చేతులతోనే రక్తం తీశాను, వాళ్లంతా చూశారు. ఆయాతో కొత్త జత తెప్పించి, నేను తొడుక్కునేదాకా ఆయన అక్కడే నిలబడ్డారు. జాలిపడ్డ ఆవిడే చీర కుచ్చెళ్లు దగ్గరికి లాక్కుంది. నేను సూది గుచ్చుతున్నా పాల అమ్మాయి ఆ కుచ్చెళ్ల వైపే చూస్తూ ఉండిపోయింది.

రక్తం పంపిన నెల్లూరు ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చింది. ఆమెకు ఏ జబ్బూ లేదు. అయినా ఆమె మొహంలో సంతోషం లేదు. అప్పటికే వీధిలో ఒక్కొక్కరే పాలు మానేశారు. పిల్లలకి అరగడం లేదని ఒకరు, ప్యాకెట్ పాలు మొదలుపెట్టామని ఇంకొకరు. పాపిష్టి జనం, మొహం మీద అడిగి ఉంటే జవాబైనా చెప్పుకునేది. నేనేమో నోరు విప్పలేను. ఏమీ లేదని చెప్పాలంటే ఏ పరీక్ష చేశామో చెప్పాలి కదా. చివరికి ఆమే వచ్చి నా చేతులు పట్టుకుంది.

"నాకేం లేదని నువ్వే చెప్పక్కా. నీ మాటైతే ఇంటారు."

మా అమ్మతోనే మొదలుపెట్టాను, ఎందుకంటే మా ఇంట్లోనూ ఆమె పాలు మానేశారు. రిపోర్టు కళ్లారా చూశానని, ఆ పిల్ల ఆరోగ్యంగా ఉందని ఒట్టేసి చెప్పాను. అమ్మ పొయ్యి మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఏం లేకపోతే ఆ బిడ్డ ఒక్కదానికే ఎందుకు తొడుక్కున్నావు చేతులకి?"

తర్వాత వీధిలో ఎన్ని గడపలు తొక్కినా అదే ప్రశ్న. ఆమె గేదెల్ని తోలుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని మర్రిపాడు దగ్గరి పుట్టింటికి వెళ్లిపోయింది. గ్లౌజుల మాట ఆమె కంటే ముందే అక్కడికి చేరిందని తర్వాత తెలిసింది.