తెలంగాణ వచ్చేదాకా తాగనన్న టీ

మలేషియా వెళ్ళాలనుకునేవాళ్ళకు ముందే ఒక సలహా. బయలుదేరే ముందు టీ విషయంలో ఎవరి దగ్గరా ఒట్టు పెట్టుకోకండి. నేను పెట్టుకుని వెళ్ళాను.

కొత్తపేటలో మా ఎదురు ఫ్లాటు సత్యవతక్కది. వాళ్ళది తెనాలి పక్క, మాది నల్లగొండ పక్క. పదేళ్ళుగా సాయంత్రం నాలుగింటి టీ నేను ఆవిడ చేతిదే తాగేదాన్ని. ఉద్యమం ముదిరిన రోజుల్లో ఒకనాడు ఆ టీ తాగుతూనే రాష్ట్రం సంగతి మీద వాదన పెట్టుకున్నాం. నేను జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్తాను. వాదనలో ఓడిపోవడం అలవాటు లేదు, గెలిచాక ఊరుకోవడం అంతకన్నా లేదు. కప్పు కింద పెట్టి, "తెలంగాణ వచ్చేదాక మీ చేతి చాయ్ తాగ. ఒట్టు" అని లేచి వచ్చాను. కప్పులో సగం మిగిలే ఉంది. ఆ సగం కోసం అదే రోజు రాత్రి పశ్చాత్తాపపడ్డాను. తెల్లారేసరికి రాష్ట్రం మాత్రం రాలేదు.

చిక్కేమిటంటే, అప్పటికే మా కాలనీ ఆడవాళ్ళం మలేషియా టూరుకు పేర్లిచ్చి ఉన్నాం. గదికి ఇద్దరు. నా గదిలో సత్యవతక్క. ట్రావెల్స్ అతను ఇప్పుడు మార్చడం కుదరదన్నాడు.

శంషాబాద్‌లో విమానం ఎక్కేముందు మొదటి టీ. కాగితం కప్పులో వేడినీళ్ళు, దారానికి వేలాడే సంచీ. దారం పట్టుకుని పైకీ కిందకీ ఆడిస్తుంటే పక్క సీట్లో కూర్చున్న ఎవరో వనస్థలిపురం ఆవిడ, "ఏంది మేడం, బాయిల నీళ్ళు తోడుతున్నరా?" అంది. తోడాను గానీ ఏమీ రాలేదు.

కౌలాలంపూర్‌లో మర్నాడు పొద్దున అల్లం వాసనకు మెలకువ వచ్చింది. సత్యవతక్క అన్నం వండుకునే చిన్న కరెంటు కుక్కర్ వెంట తెచ్చుకుంది. అందులో టీ మరుగుతోంది. నాకిస్తే ఎలా కాదనాలో రెండు గట్టి వాక్యాలు సిద్ధం చేసుకుని, దుప్పట్లోంచి ఒక కన్ను తెరిచి చూశాను. ఆవిడ ఒక్క కప్పే పోసుకుంది. కిటికీ దగ్గర కూర్చుని తాగింది. కప్పు కడిగి బోర్లించింది. నా వాక్యాలు నా దగ్గరే ఉండిపోయాయి.

ఆ కసితో ఊరిమీద పడ్డాను. అక్కడి బండ్ల మీద తే తారిక్ అని దొరుకుతుంది. ఈ చేతి నుంచి ఆ చేతికి మూరెడు ఎత్తున తిరగబోసి నురగ తెప్పిస్తారు. చూడటానికి కన్నులపండుగ. తాగితే డబ్బా పాలు, చక్కెర. టీ ఎక్కడో అడుగున ఉన్నట్టు అనుమానం. బండి ఆయన తమిళంలో ఏదో అడిగాడు. బాగుందా అని కాబోలు, మర్యాదకు తల ఊపాను. ఇంకొకటి పోశాడు. పార్సిల్ టీని మన దగ్గరలాగే ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి ఇస్తారు. అది చూసి ఎందుకో ఏడుపొచ్చినంత పనైంది.

మూడో రోజు బస్సులో కొండమీది టీ తోటలకు తీసుకెళ్ళారు. ఎటు చూసినా పచ్చటి టీ మొక్కలే. హోటల్లో కూర్చుంటే పింగాణీ కూజాలో ఎర్రటి నీళ్ళు, పక్కన చల్లటి పాలు. కలిపి మరిగించి తెమ్మన్నాను. వడ్డించే అమ్మాయి నన్ను చూసిన చూపు, క్లాసులో ప్రశ్నే అర్థంకాని పిల్లలు నన్ను చూసే చూపు.

ఆ రాత్రి ఇక నేనే చేసుకుందామని గదిలో ఉన్న కెటిల్‌లో పాలు పోసి, టీ సంచీలు చింపి పొడి దులిపి, స్విచ్ వేశాను. నిమిషంలో పొంగి బల్లంతా, గోడంతా పారింది. మాడు వాసన. సత్యవతక్క లేచి ప్లగ్ పీకింది. తువ్వాలు తెచ్చి తుడిచింది.

"కెటిల్‌లో పాలు కాయరండీ."

"తెలుసు."

"తెలిసే కాశారా?" తువ్వాలు పిండుతూ, నావైపు చూడకుండా అంది: "పదేళ్ళు తాగారు. ఆ రోజు మీరు వదిలేసిన సగం సింకులో పారబోసింది నేనండీ. మీరు కాదు."

దానికి జవాబు తిరుగు ప్రయాణందాకా వెతికాను.

మేం దిగిన ఉదయం హైదరాబాద్‌లో బంద్. మిగతావాళ్ళు దొరికిన బండ్లలో ముందే వెళ్ళిపోయారు. మేమిద్దరం ఒక టాక్సీ పట్టుకున్నాం. ఎల్బీనగర్ చౌరస్తా ముందే ఆపేశారు. రోడ్డు మీద ఉద్యమకారుల వంటావార్పు: పొయ్యిలు, గుండిగలు, జెండాలు. పొయ్యి దగ్గర అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి వచ్చిన ఒకామె, "పెట్టెలు ఆడ వెట్టి జర చాయ్ తాగి పోండ్రి" అంది.

ఇదిగో నా వాళ్ళు, నా చాయ్ అని ఛాతీ విరుచుకుని అందుకున్నాను. కషాయం.

సత్యవతక్క టాక్సీ ఆగినప్పటి నుంచి నోరు విప్పలేదు. నోరు విప్పితే ఏ పక్కదో తెలిసిపోతుందని భయం. కానీ గుండిగలోకి తొంగిచూశాక ఆవిడవల్ల కాలేదు. "అయ్యయ్యో, అడుగంటుతుందమ్మా, అట్టా మంట పెడితే ఎట్టాగ?" అంది.

జెండాలవాళ్ళంతా ఇటు తిరిగారు. పొయ్యి దగ్గరామె, "మీది ఏ ఊరు?" అని అడిగింది.

"కొత్తపేట. మా ఎదురింటి అక్క," అన్నాను నేను, ఆవిడ నోరు తెరిచేలోపే. "చాయ్ ఈమె లెక్క ఎవ్వరు జెయ్యరు. నేను పదేండ్లు తాగిన."

ఆమె మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూసి గరిటె చాపింది. "అయితే మీరే జూడుండ్రి. పొద్దటి సంది నన్ను తిడుతుండ్రు ఈళ్ళంత."

సత్యవతక్క మంట తగ్గించింది. సంచీలో మిగిలిన అల్లం ముక్క తీసి రాయి మీద చితగ్గొట్టింది. కాసేపటికి ఆ వాసనకు జెండాలు పట్టుకున్నవాళ్ళంతా వరస కట్టారు. అందరికీ పోసుకుంటూ వచ్చి నా ముందు గరిటె ఆపింది.

"మీరు తాగరు కదండీ. వచ్చేసిందా తెలంగాణ?"

"చౌరస్తా దాక ఒచ్చిందక్కా. పొయ్యుండ్రి."

నవ్వు ఆపుకుంటూ సరిగ్గా సగం కప్పు పోసి గరిటె ఎత్తేసింది.

"మిగతాది?"

"ఇంటికి రా. నాలుగింటికి."

అక్కణ్ణుంచి కొత్తపేట దాకా పెట్టెలు లాక్కుంటూ నడిచాం. మలేషియా మంచి దేశం, రోడ్లు శుభ్రం, మనుషులు నెమ్మది, వెళ్ళిరండి. టీ గురించి మాత్రం నన్నడగకండి. ఆవిడ నాలుగింటికి రమ్మంది. నేను మూడున్నరకే తలుపు కొట్టాను.