లుబోష్ ట్యాంకు ఆగదు, ఆలోచిస్తుంది

మా ఊరి లుబోష్ గరాజు తలుపులు మూసుకుని ఆరు చలికాలాలు చేసిన ట్యాంకు, ఏడో ఏడు మంచు కరగగానే మా చర్చి వాలు తనంతట తానే ఎక్కింది. వాడి మొదటి విజయం అది. వాలు పైకి చేరి ఠక్కున నిలబడిపోయింది.

"ఆగిపోయిందిరా" అన్నాను.

మెడలో రిమోటు వేలాడదీసుకున్న లుబోష్ నిదానంగా జవాబు చెప్పాడు. "ఆగలేదన్నా. ఆలోచిస్తోంది."

మనిషి మొత్తం ఈ ఒక్క మాటలోనే ఉన్నాడు. వాడి చేతిది ఏదీ పాడవదు, ఆలోచిస్తుంది. పంపులో నీళ్ళు రాకపోతే పంపు ఆలోచిస్తోంది. గోడ గడియారం నిన్నటి నుంచీ ఆలోచిస్తోంది. "నేను కూడా ఆలోచిస్తున్నాను, మా అమ్మగారింటికి పోదామని" అంటుంది వాడి భార్య యార్మిలా.

ట్యాంకు ఏడాది దూడంత ఉంటుంది. లోపల పాత కరెంటు చక్రాల కుర్చీల మోటార్లు, ఒక స్పీకరు, ఒక పొగయంత్రం. ఫిరంగి, వాళ్ళ బాత్రూము నీళ్ళగొట్టం. నడిస్తే నిజం ట్యాంకులాగే ఉరుముతుంది, పొగ వదులుతుంది. ఊరు ఊరంతా దాని వెనకే.

నాకు అసూయ అంటారు. కాదని ఎవరన్నారు? పటాలంలో నేను నడిపింది ముప్పై టన్నుల అసలు ట్యాంకు. సహకార వ్యవసాయ క్షేత్రంలో ట్రాక్టర్ల షెడ్డుకు పెద్దను నేను. నా కుందేళ్ళకు జిల్లా పోటీలో కప్పు వచ్చింది. నా ప్లమ్ సారాను మా మొరావియా ప్రాంతంలో మెచ్చని నాలుక లేదు. చదివింది ఊరి బడిలోనే, అయినా ఇన్ని సాధించాను. ఎవడైనా నా వెనక ఊరేగాడా? నీళ్ళగొట్టానికి మాత్రం చప్పట్లు.

పైగా ఆ ట్యాంకు ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక మా వీధిలోకి వచ్చి, సరిగ్గా నా గేటు ముందే ఆగేది. మా ఆవిడ లుడ్మిలా పోయిన తర్వాత నేను కుందేళ్ళతో తప్ప ఎవరితోనూ మాట్లాడటం లేదు. అయినా గేటు ముందు దాని చక్రాల చుట్టూ తిరిగే చైను, ముక్కలు కలిపే పిన్ను జారి ఊడితే, ట్రాక్టర్లు బాగుచేసిన చెయ్యి ఊరుకుంటుందా? సుత్తి పట్టుకుని వెళ్ళేవాణ్ణి.

"మళ్ళీ పిన్ను జారింది. ఒరే మట్టిబుర్రా, పిన్ను తల లోపలివైపు ఉండాలి. అప్పుడు జారినా బండి పక్కకు తగిలి తిరిగి లోపలికి పోతుంది. నువ్వు బయటికి తిప్పి పెడితే రాలక ఏం చేస్తుంది?"

"అలాగా అన్నా?"

"పోయిన వారం చెప్పలా?"

"చెప్పావు. దాని గురించే ఆలోచిస్తోంది."

జనం నవ్వేవాళ్ళు. నేను పిన్ను కొట్టేలోపు ఒకడు బల్ల లాగేవాడు, ఒకడు బీరు తెచ్చేవాడు. చేసేది లేక నేను సారా సీసా తీసేవాణ్ణి. కూర్చున్న వాళ్ళు భోజనాల వేళ దాటినా లేచేవాళ్ళు కాదు. వచ్చే ఆదివారం మళ్ళీ అదే పిన్ను, అదే తిట్టు.

మే నెలలో పక్క టౌనులో ట్యాంకుల ఉత్సవం. సంచిలో సుత్తి వేసుకుని వెళ్ళాను. అంతమంది ముందు చైను ఊడాలి, లుబోష్ గాడు బిక్కమొహం వేయాలి, అప్పుడు నేను లేవాలి. చప్పట్లు ఎవరికో అప్పుడు చూద్దాం.

ఊడలేదు. బురద తొక్కింది, గుంట దాటింది, గుట్ట ఎక్కింది. మధ్యాహ్నమంతా ఒక్క పిన్నూ కదల్లేదు. బండి పక్కన నిలిపాక వంగి చూశాను. అన్ని పిన్నుల తలలూ లోపలివైపే ఉన్నాయి.

"ఎప్పుడు సరిచేశాడమ్మా?" అని యార్మిలాను అడిగాను.

ఆమె నా చేతిలో ఒక కొలాచ్ రొట్టె పెట్టింది. "మీరు మొదటిసారి చెప్పిన రోజే. అప్పటి నుంచీ ప్రతి ఆదివారం మీ వీధి మొదట్లో ఒక్క పిన్ను పీకి తిప్పి పెడతాడు. మామూలుగా పిలిస్తే మీరు గేటు తీయరు కదా అన్నయ్యా."

రొట్టె గొంతులో కాసేపు ఆలోచించింది.

"అయితే సరిగ్గా పెట్టడం నేర్పింది నేనేగా" అన్నాను చివరికి.

"మీరే, మీరే."

ఇంతలో లుబోష్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నన్ను చూశాడు, నా సంచిలోంచి బయటికొచ్చిన సుత్తి పిడిని చూశాడు, వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"ఏరా, ఇవాళ నీ ట్యాంకు అసలు ఆలోచించలేదేం?" అన్నాను.

"ఊరికొచ్చాక ఆలోచిస్తుందన్నా" అన్నాడు.

ఇప్పుడు దాన్ని తీసుకుని పోలండు ప్రదర్శనకు వెళ్ళాడు. అక్కడా చప్పట్లేనట, కొట్టుకోనీ. గేటుకు రంగు వేశాను. బల్ల నేనే బయట వేసి ఉంచాను. గ్లాసులు కడిగాను. కొత్త తిట్లు కొన్ని సిద్ధం చేశాను. లుబోష్ తిరిగొచ్చేది జూన్ పద్నాలుగు, ఆదివారం.