బల్లకు వెళ్లని ఆదివారాలు

మా అత్తగారు ప్రార్థనకు కూర్చున్నారంటే పొయ్యి మీద అన్నం మాడాల్సిందే. అంత పొడుగు ప్రార్థన ఆవిడది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మామగారి ఉద్యోగంతోపాటు గుంటూరు నుంచి హైదరాబాదు వచ్చి నాంపల్లిలో స్థిరపడ్డారు. స్టేషన్ వెనక సందులో, ఒకే ఆవరణలో నాలుగు వాటాలున్న ఇంట్లో కిరాయికుండేవారు. నేను చాదర్‌ఘాట్ నుంచి ఆ ఇంటికి కోడలిగా వెళ్లేనాటికి చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాల్లో ఆవిడ మాటకు ఎదురులేదు. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పిల్లాడు పరీక్ష రాస్తున్నా ఆవిడకే కబురొచ్చేది. నాకు ఆవిడంటే భయమూ ఉండేది, కొంచెం గర్వమూ ఉండేది.

పక్క వాటాలో ఉండే ఆవిడ ఈ ఊరి మనిషే, మేం వెళ్లే చర్చి గుడి మనిషే. మా అత్తగారిని అక్కా అని పిలిచేది. మధ్యాహ్నాలు ఇద్దరూ అరుగు మీద బియ్యం ఏరుకుంటూ కబుర్లు చెప్పుకునేవారు. పక్కావిడ పెద్దకొడుకు బొంబాయిలో ఉద్యోగంలో చేరాడని మేమంతా అనుకునేవాళ్లం. అసలు సంగతి వేరు. తండ్రితో గొడవపడి, ఆయన మీద చెయ్యి చేసుకుని, ఇల్లు వదిలి పోయాడు. ఎక్కడున్నాడో తెలియదు. ఆ మాట ఆవిడ ఒక్క మా అత్తగారికే చెప్పుకుంది.

గురువారం సాయంత్రాలు గృహకూటం ఉండేది. వారానికొకరి ఇంట్లో జరుపుకునేవాళ్లం. ఆ వారం పక్కావిడ ఇంట్లోనే. చాపలు పరిచి, చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టి ఆవిడ కూడా మా మధ్య వచ్చి కూర్చుంది. పాటా బైబిలు వాక్యమూ అయ్యాక మా అత్తగారు ప్రార్థన ఎత్తుకున్నారు.

"ప్రభువా, ఈ గృహాన్ని దర్శించు. ఈ ఇంటి పెద్ద కుమారుడు బొంబాయి ఉద్యోగంలో ఉన్నాడని లోకం అనుకుంటోంది గాని, కన్నతండ్రి మీద చెయ్యెత్తి వెళ్లిపోయాడని నీకు తెలుసు తండ్రీ..."

దేవుడికి తెలుసు, నిజమే. తెలియనిది మాకు. నేను గబుక్కున కళ్లు తెరిచాను. పక్కావిడ అప్పటికే తెరిచి నేల చూపులు చూస్తోంది.

ఎదురుగా అనలేని మాట కళ్లు మూసుకుని అనెయ్యడం మా కూటాల్లో కొత్తేమీ కాదు. ప్రార్థన మనవి పేరుతో ఇరుగుపొరుగు సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పుకునేవాళ్లం, పైగా భక్తి చేశామనుకునేవాళ్లం. ఆమెన్ అన్నాక పక్కావిడ లేచి అందరికీ చాయ్, బిస్కట్లు ఇచ్చింది. మా అత్తగారికీ ఇచ్చింది. మర్నాటి నుంచి అరుగు మీదికి రాలేదు.

"నేనేమన్నా చాడీలు చెప్పానా? ఆవిడ బిడ్డ కోసం కన్నీళ్లతో ప్రార్థన చేశాను" అన్నారు అత్తగారు. ఆవిడ నిజంగానే అలా నమ్మారు. నాకు ఒళ్లు మండింది గాని కొత్త కోడలిని, చీపురు అందుకుని వాకిలి ఊడవబోయాను.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం ప్రభు బల్ల, అంటే క్రీస్తు చివరి భోజనం జ్ఞాపకంగా రొట్టె పంచే రోజు. ఆబిడ్స్‌లో ఉన్న మా గుడికి నడిచే వెళ్లాం. ఎవరిని వారు పరీక్షించుకుని, మనసులో పగ లేకుండా రమ్మని పాస్టరు అయ్యగారు ఎప్పటిలాగే చెప్పారు. అత్తగారు మొదటి వరసలోనే వెళ్లి మోకరించారు, ఆవిడ పక్కన నేను. రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుని తిరిగి వస్తుంటే పక్కావిడ కనిపించింది. తల మీద కొంగు కప్పుకుని బెంచీ మీదే కూర్చుని ఉంది. ఆవిడను దాటుకుని మిగతావాళ్లు బల్లకు వెళ్తున్నారు. అత్తగారు నడవలో ఆగిపోయారు. వెనకవాళ్లు కూడా ఆగాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక నన్ను పిలిచారు. "అమ్మాయ్, ఆవిడ బల్లకెందుకు రాలేదు?"

"మీ మీద కోపం పెట్టుకొని ఎట్ల తింటది అత్తయ్యా? గందుకే రాలే" అన్నాను.

"తప్పు చేసినదాన్ని నేను తిన్నాను. ఆవిడ పస్తుండిపోయింది" అన్నారు చాలా మెల్లగా.

ప్రార్థనలో ఆవిడకు కన్నీళ్లు పిలిస్తే పలికేవి. ఆ రోజు మాత్రం ఒక్క చుక్క రాలేదు. అన్నం ముట్టలేదు. సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని పక్కింటి గుమ్మం ముందు నిలబడ్డారు.

"నువ్వు నమ్మి చెప్పుకున్న మాటను పదిమందిలో పెట్టాను. ప్రార్థన అని పేరు పెట్టుకున్నాను. నాకు అన్నీ తెలుసని చూపించుకోవడానికే చెప్పానమ్మా" అన్నారు.

పక్కావిడ తలుపు పట్టుకుని నిలబడింది. "అక్కా, నాకింకా మనసుల మాఫ్ చేసుడు వస్తలేదు. ఉత్తగ ఎట్లనాలె?"

"అనొద్దు. నేను చెప్పిపోదామనే వచ్చాను."

ఆ తర్వాతి గురువారం కూటంలోనూ అదే మాట అందరి ముందూ, కళ్లు తెరిచే చెప్పారు. ఆడవాళ్లు ఇబ్బందిగా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరో, పోనీ ప్రార్థన చెయ్యండి అంటే, ఇవాళ నా వల్ల కాదన్నారు.

అప్పటి నుంచి బల్ల ఇచ్చే ఆదివారాల్లో అత్తగారు కూడా బెంచీ మీదే ఉండిపోయేవారు. ఆవిడ వెళ్లేదాకా నేను వెళ్లనన్నారు. ఇంత భక్తురాలికి ఏం పాపం తగిలిందోనని గుడిలో గుసగుసలు మొదలయ్యాయి. "అందరూ అడుగుతున్నారమ్మా" అని మా ఆయన విసుక్కున్నారు. "అడగనీరా" అన్నారావిడ. నెలలు గడిచాయి. ఆ కుర్రవాడి జాడ లేదు. పక్కావిడ కుళాయి దగ్గర ఎదురైతే తల తిప్పుకునేది. ఇక ఇంతేనేమోనని నాకు దిగులేసేది.

నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్ రద్దీ తగ్గిన రోజుల్లో ఒక ఆదివారం. వరసలు బల్లకు వెళ్తున్నాయి. పక్కావిడ లేచింది. గబగబా ముందుకు పోకుండా మా బెంచీ పక్కన ఆగింది.

"కోపమైతే అంత పోలే అక్కా" అంది. "గాని నా మూలంగ మీరు ఆకలితోటి కూసుంటుంటే నేను ప్రార్థన చేసుకోలేకపోతున్న. లేవుండ్రి."

అత్తగారు ముందు బెంచీ పట్టుకుని లేవబోయారు. పక్కావిడ వంగి, చంక కింద చెయ్యేసి లేపింది.