మూసిన కారులో గిటారు

ఆ గిటారు పాడైంది నా వల్ల. ఈ మాట చెప్పాల్సిన రోజున చెప్పలేదు. ఆ తర్వాత ఆరేళ్లూ చెప్పలేదు. ఆ ఆరేళ్లలో మా సంఘంలో దాని ప్రస్తావన వచ్చినప్పుడల్లా, "విగ్రహంలా కొలిచాడు, అందుకే దేవుడు విరిచేశాడు" అన్నారు. నేను బెంచీ మీద కూర్చుని విన్నాను.

మాది పలాసలో చిన్న బాప్టిస్టు సంఘం. అక్కడ గిటారు వాయించే అన్న జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేవాడు. గిటారు సంఘానిదే, అతనికి అప్పగించారు. పిక్కలు కొట్టేవాళ్ల చేతులు ఎలా ఉంటాయో పలాసలో ఎవరికీ చెప్పక్కర్లేదు. పెంకులోంచి కారే జీడి రసం చర్మాన్ని కాల్చి నల్లగా చేసేస్తుంది. అది తీగలకు అంటితే జిగురు పడుతుంది, చెక్కకు అంటితే మరక పోదు. అందుకే ఆదివారం పొద్దున్న అతను చర్చి కుళాయి దగ్గర ఆముదం రాసుకుని, బూడిదతో తోముకుని, మళ్లీ సబ్బుతో కడుక్కునేవాడు. పాట అయ్యాక పాత పంచె ముక్కతో ఒక్కో తీగా తుడిచేవాడు. మాది ఉప్పుగాలి, తుడవకపోతే తీగకు తుప్పు పడుతుంది.

దీనికి నవ్వేవాళ్లు.

"ఏటి బావా, గిటారుకి తలంటు పోత్తన్నావా? ఆరాధనకి టైమైపోతంది!"

"మీ సీరకి జీడంటితే ఊరుకుంటారేటి వదినా?" అనేవాడు, ముక్క మడత పెడుతూనే.

నవ్వితే నవ్వారు. మా సంఘ పెద్ద ఒకాయన మాత్రం నవ్వేవాడు కాదు. "ప్రభు భోజనంలో రొట్టె ముట్టుకున్నప్పుడు ఒకసారి కడుగుతాడు, చెక్క ముట్టుకోడానికి మూడుసార్లు కడుగుతాడు. ఇది విగ్రహం కాదేటి?" అనేవాడు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండే మాట ఇది. సముద్రం ఒడ్డున అక్కుపల్లిలో చేపల వేట నుంచి వచ్చినవాడు అన్నం తినకముందే వల విదిలించి ఆరబెట్టుకుంటాడు. వాణ్ని ఎవరూ ఏమీ అనరు. ఆ పెద్దాయనే కొత్త బైకు సీటు మీద ప్లాస్టిక్ కవరు తియ్యకుండా ఏడాది తిరిగాడు. దానికి ఏ వాక్యం అడ్డు రాలేదు. చేతికింద పనిముట్టును జాగ్రత్తగా చూసుకోవడం, దానికి మొక్కడం ఒకటేనా? ఆ మాట అప్పుడే అడగాల్సింది. నేను స్కూలు మాస్టారిని, సంఘానికి కార్యదర్శిని. అడిగితే వినేవాళ్లు.

ఆరేళ్ల కిందట మే నెలలో టెక్కలిలో సువార్త సభలు. అన్నకు పొద్దున్న ఫ్యాక్టరీలో పని ఉంది, సాయంత్రానికి బస్సులో వస్తానన్నాడు. గిటారు నా కారులో తీసుకెళ్లమన్నారు. అతను తీగలు వదులు చేసి, సంచీలో పెట్టి, జిప్పు లాగి నా చేతికిచ్చాడు.

"మాస్టారూ, దీన్ని కారులో ఇడిచిపెట్టీకండి. మీరు దిగితే ఇదీ దిగాల. తీగలు నేనొచ్చి బిగిత్తాను."

"పసిపిల్లేటన్నా ఇది?" అన్నాను.

"పసిపిల్లైతే ఏడిసి సెప్తాది మాస్టారూ. ఇది సెప్పదు."

టెక్కలి శివార్లలో మా తోడల్లుడి ఇల్లు. భోజనానికి ఆగాను. "నీకూ వచ్చేటి వాయించడం?" అని అతను అడిగేసరికి గిటారు బయటకు తీశాను. తీగలు బిగించాను. నాకొచ్చిన మూడు స్వరాలూ మోగించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. మళ్లీ వదులు చెయ్యకుండానే సంచీలో పెట్టి, కారు వెనక సీట్లో పడేసి, అద్దాలు మూసి, లోపలికెళ్లి భోంచేసి పడుకున్నాను. లేచేసరికి నాలుగు దాటింది. కారు తలుపు పట్టుకుంటే చెయ్యి కాలింది.

సభల పందిట్లో అన్న సంచీ తెరిచాడు. తీగలు కట్టే చెక్కపట్టీని బ్రిడ్జి అంటారు, అది జిగురు కరిగి పైకి లేచిపోయింది. దానితోపాటు గిటారు పొట్ట మీద చెక్క చీలింది. అతను ముందు చీలికను తాకలేదు. తీగను వేలితో తాకాడు. బిగుతుగా ఉంది. నా వైపు చూశాడు.

పెద్దాయన అందుకున్నాడు: "వదులు సేసి బిగించి, వదులు సేసి బిగించి నువ్వే పాడుసేసినావు. సంఘం సొత్తు ఇది!"

"మాస్టారూ?" అన్నాడు అన్న. అంతే అన్నాడు.

నేను పాటల పుస్తకం కోసం వెతుకుతున్నట్టు వంగాను.

తర్వాతి ఆదివారం ప్రసంగం విగ్రహాల మీద. అన్నను పాటల నుంచి తప్పించారు. కీబోర్డు వచ్చింది. ఇప్పుడు దాని మీద టీ గ్లాసుల మరకలున్నాయి, రెండు మీటలు పలకవు, కప్పే గుడ్డ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. అదీ సంఘం సొత్తే. దాని గురించి ఎవరికీ కోపం రాలేదు. అన్న మాత్రం ప్రతి ఆదివారం వచ్చి చివరి బెంచీలో కూర్చునేవాడు. పాటలప్పుడు నోరు కదిపేవాడు కాదు.

మొన్న డిగ్రీ చదివే ఒక అమ్మాయి సొంత గిటారు తెచ్చుకుంది. పాటయ్యాక తీగలు తుడుస్తుంటే పెద్దాయన వెళ్లి ఈ కథంతా చెప్పాడు, వేలితో చివరి బెంచీని చూపిస్తూ. ఆ పిల్ల గుడ్డను సంచీలోకి తోసేసింది. పెద్దాయన మీద వచ్చిన కోపం నిలబెట్టుకుందామంటే నిలవలేదు. ఆయన చెప్పే అబద్ధం నేనిచ్చిందే.

ఆ సాయంత్రమే అన్న ఇంటికెళ్లి జరిగింది చెప్పాను. క్షమించమన్నాను. అతను మంచం వాల్చి కూర్చోమన్నాడు.

"తీగ ముట్టుకున్నప్పుడే తెలిసింది మాస్టారూ. మీరే సెప్తారని సూసినాను. ఇప్పుడు ఇక్కడెందుకు? నా సెడ్డపేరు మా ఇంట్లో ఉందేటి?"

తర్వాతి ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచాను. తోడల్లుడి ఇంట్లో తీగలు బిగించిన దగ్గర్నుంచి కారు అద్దాలు మూసినదాకా చెప్పాను. "అయిపోయిన సంగతి ఇప్పుడేల మాస్టారూ" అని పెద్దాయన అడ్డం వచ్చాడు. "మీకూ నాకూ అయిపోయింది. అన్నకు కాలేదు" అన్నాను. ఆ తర్వాత వెనక్కి తిరిగి, అందరికీ వినబడేలా అన్నాను:

"అన్నా, గిటారు నువ్వు పాడుచెయ్యలేదు. నేను పాడుచేశాను. నీ మీదకు నెడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. నన్ను క్షమించు."