వదిన గీసిన కాలిబాట

మా వదినకు తప్పులంటే పడదు. ఎదుటివాళ్ళ తప్పులైతే మరీ పడదు. గోడ మీద ఫొటో రవ్వంత పక్కకు ఒరిగితే కంచం ముందు నుంచి లేచి వెళ్ళి సరిచేసి వస్తుంది. నేను ఊరందరికీ బట్టలు కుడతాను, ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు. ఆమె ఇంటికి కుట్టిచ్చిన కిటికీ తెరల్లో మాత్రం ఒకటి పావంగుళం కురచగా ఉందని స్కేలు పెట్టి మరీ చూపించింది. ఆడపడుచును నేను. సాధిస్తే నేను సాధించాలి. మా ఇంట్లో అంతా తలకిందులు.

అలాంటి మనిషి ఆ ఆదివారం పొద్దున ఆరింటికి మా తలుపు కొట్టి, "బుల్లీ, గట్టి చెప్పులు వేసుకో. అడవికి వెళ్తున్నాం" అంది. నన్ను బుల్లి అని పిలిచేది ఆమె ఒక్కతే. నేను ఎనభై కిలోలున్నానన్న సంగతి ఆమె లెక్కలోకి రాదు.

"ఏ అడవికి?" అన్నాను కళ్ళు నులుముకుంటూ.

"నా అడవికి."

చేతిలో సంచీ ఉంది. సంచీలో ఫ్లాస్కు, ఉడకబెట్టిన గుడ్లు, చుట్టచుట్టిన కాగితం ఒకటి. మా అన్నయ్య రానన్నాడట. "రిటైరయ్యే ముందు మీ వదినకు ఏదో పట్టుకుంది. జాగ్రత్తగా ఇంటికి చేర్చు తల్లీ" అని నాకు ఫోన్లో చెప్పి మళ్ళీ ముసుగు తన్నాడు. సరే, ఆదివారం మిషను తొక్కే పని లేదు కదా అని నేనూ బయల్దేరాను.

అసలు సంగతి బస్సులో కూర్చున్నాక చెప్పింది. అది అర్థం కావాలంటే ముందు ఆమె పని గురించి నాలుగు ముక్కలు చెప్పాలి.

వదిన సర్వే ఆఫీసులో ట్రేసరు. సర్వేయర్లు ఎండలో తిరిగి కొలుచుకొచ్చిన పటాలను పలచటి ట్రేసింగ్ గుడ్డ మీద సిరాతో ఎక్కించడం ఆమె ఉద్యోగం. ముప్ఫైయొక్క ఏళ్ళుగా ఉత్తరపు కిటికీ పక్కన అదే ఏటవాలు బల్ల, అదే ఎత్తు స్టూలు. పొలం గట్టుకు సన్నగీత, బండిదారికి జంటగీత, కాలిబాటకు తెగతెగిన గీత, అడవికి ఆకుపచ్చ రంగు. కంప్యూటర్లు వచ్చాక కూడా పాత షీట్లలో ఏదైనా సందేహం వస్తే ఆమెనే పిలుస్తారు. ఆమె సర్వీసు పుస్తకంలో ఇంతవరకూ ఒక్క తప్పు కూడా ఎక్కలేదు. ఈ మాట మా అన్నయ్య ఒకసారి గర్వంగానూ, ఒకసారి భయంగానూ చెబుతుంటాడు. ఇంతా చేసి, తాను గీసిన నేలలో ఒక్క గజం కూడా ఆమె తొక్కి ఎరగదు.

"ఒక తప్పుంది" అంది వదిన, బస్సు ఊరు దాటాక.

ఉద్యోగంలో చేరిన రెండో నెలట. ఒక పల్లె షీటు చేతికొచ్చింది. పల్లె పక్కన బొటనవేలంత ఆకుపచ్చ, చిట్టడవి. ఆమె గట్టు గీస్తుండగా వెనక ఎవరో తలుపు దడాలున వేశారు. పెన్ను జారింది. అడవి ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లటి గీత పడిపోయింది. గుడ్డ మీద పడ్డ సిరాను బ్లేడుతో గీకి తీయాలి. అంత పొడుగున గీకితే గుడ్డ చిరుగుతుంది. షీటు పాడుచేసిన కొత్తవాళ్ళను మరునాడే ఇంటికి పంపించే పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన ఉండేవాడు. అప్పుడు మా నాన్న మంచాన పడి ఉన్నాడు, అన్నయ్య పనిచేసే మిల్లు మూతపడింది. ఇల్లంతా ఆమె ఉద్యోగం మీదే నడుస్తోంది.

"మరి ఏం చేశావు?" అన్నాను.

"మొత్తం గీకలేదు. మధ్యమధ్యలో కొంచెం కొంచెం గీకాను."

నాకు బోధపడటానికి నిమిషం పట్టింది. మధ్యమధ్యలో గీకితే గీత తెగతెగిపోతుంది. తెగతెగిన గీత అంటే కాలిబాట. జారిన పెన్నును మా వదిన ఏకంగా దారి చేసి కూర్చోబెట్టింది.

నేను పగలబడి నవ్వాను. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. వదిన మాత్రం నవ్వలేదు.

"పదిరోజుల్లో నేను దిగిపోతున్నాను. ఈ నెల నుంచి పాత షీట్లన్నీ పట్టుకెళ్ళి నేల మీద సరిచూస్తున్నారు. వచ్చే వారం ఆ షీటు వంతు. అక్కడ దారి లేదని తేలుతుంది. కింద మూల నా సంతకం ఉంటుంది. వాళ్ళు పట్టుకునేలోపు నేనే రేపు పెద్దసారుకు చెప్పేస్తాను. కానీ చెప్పేముందు ఒకసారి కళ్ళారా చూడాలి." గొంతు తగ్గించి అంది, "గవర్నమెంటు మ్యాపు కదా. ఆ గీతను నమ్మి ఎవరైనా లోపలికెళ్ళి దారి తప్పారేమో. ఎన్నేళ్ళుగానో అదే భయం బుల్లీ."

పావంగుళం తెర గురించి నన్ను పదేళ్ళు దెప్పిన మనిషి కడుపులో ఇంత పెద్ద అడవిని దాచుకుందా? నాకు ఒళ్ళు మండాలి. మండలేదు. ఆ రెండో నెల ఉద్యోగిని తలుచుకుంటే నాకు జాలేసింది.

బస్సు మమ్మల్ని రోడ్డు మలుపులో దించి వెళ్ళిపోయింది. అటూ ఇటూ మొక్కజొన్న చేలు. వదిన కాగితం విప్పింది, తన షీటు నకలు. తల ఎత్తి చూసింది, మళ్ళీ కాగితం చూసింది.

"ఇక్కడ ఎడమవైపు చిన్న వంతెన ఉండాలి."

ఉంది. కింద నీళ్ళు కూడా పారుతున్నాయి.

"వంతెన దాటాక మూడు మూలల పొలం ఉండాలి."

అదీ ఉంది. వదిన నా వైపు తిరిగిన తీరు నేను జన్మలో మరిచిపోను. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చీటికీమాటికీ నడుం పట్టిందనే మనిషి, సంచీ నా చేతిలో పడేసి గట్టు మీద పరుగు లంకించుకుంది. "అరవై నాలుగు. ఇది అరవై ఐదు. ఇది అన్నదమ్ములు పంచుకున్నది, చూశావా, మధ్యలో గట్టు. ఈ గట్టు దగ్గరే నిబ్బు మార్చాను" అంటూ ఒక్కో చేనును పేరు పెట్టి పలకరించినట్టు సర్వే నంబర్లు చదువుతోంది. సర్వే రాయి కనబడితే కూర్చుని చేత్తో తడిమింది. చేలో కలుపు తీస్తున్న ఆయన ఎవరో వింతగా చూస్తే, "మీ బావి ఇంకా ఉందా? ఆ మూల ఉండేది" అని అడిగింది. ఆయన నోరు వెళ్ళబెట్టి, "ఉందమ్మా. మీరెవరి తాలూకు?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ఓపిక ఆమెకు అప్పుడెక్కడిది?

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ పిచ్చి నాకూ అంటుకుంది. కాగితం లాక్కుని, "ఇప్పుడు కుడివైపు పిల్లకాలువ రావాలి" అని నేనూ జోస్యం చెప్పడం మొదలుపెట్టాను. కాలువ వచ్చినప్పుడు నేనే తవ్వించినంత సంబరమైంది. మోకాళ్ళ నొప్పి ఎక్కడ పోయిందో తెలియలేదు.

పిల్లకాలువ దాటాక అడవి ఎదురుపడింది. పెద్దదేం కాదు, చుట్టూ తిరిగితే గంట పట్టేంత. కానీ వదిన దాని ముందు బిగుసుకుపోయి నిలబడింది.

"ఇంత ఎత్తుంటుందని అనుకోలేదు" అంది.

నిజమే, మ్యాపులో ఎత్తు ఎక్కడుంటుంది? ఆమెకు తెలిసిన అడవి బల్ల మీద పరిచి ఉండేది. ఇక్కడేమో తల వెనక్కి వాల్చినా చిటారుకొమ్మ అందడం లేదు. లోపల పిట్టలు ఒకటే గోల. రాత్రి వాన పడిందేమో, మట్టి వాసన, నానిన ఆకుల వాసన కలిసి వస్తోంది. "నేను ఒక్క ఆకుపచ్చే వాడాను బుల్లీ. ఇక్కడ ఎన్ని ఆకుపచ్చలున్నాయో చూడు" అంటూ ఆమె వేలు పెట్టి చూపిస్తుంటే నేను పన్నెండు దాకా లెక్కపెట్టాను.

గీత మొదలయ్యే చోటు ఇంకో నలభై అడుగుల్లో ఉంది. వదిన నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం పొదల అంచు పట్టుకుని మూల తిరిగాం.

అక్కడ దారి ఉంది.

పొదల మధ్య సందు కాదు, ఏదో జంతువు తొక్కిన జాడ కాదు. ఇద్దరు పక్కపక్కన నడవగలిగేంత వెడల్పున, గడ్డి మొలవకుండా నున్నగా తొక్కుడుపడిన దారి. సరిగ్గా ఆ మూలనే మొదలై సరిగ్గా ఆ వైపుకే పోతోంది. వదిన కాగితాన్ని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసింది. దారిని చూసింది. దయ్యాలంటే నాకు నమ్మకం లేదు కానీ ఆ నిమిషంలో ఎవరైనా చెబితే నమ్మేదాన్నే.

"నువ్వు గీసింది ఇదేనా?" అన్నాను.

ఆమె జవాబు చెప్పేలోగా వెనక సైకిలు గంట మోగింది. పాలక్యాను కట్టుకున్న ఒకాయన, "కొంచెం పక్కకు జరగండమ్మా" అని మమ్మల్ని తప్పించుకుని, మా వదిన చేసిన తప్పు మీదుగా దర్జాగా తొక్కుకుంటూ అడవిలోకి వెళ్ళిపోయాడు.

మేమూ వెళ్ళాం. వదిన పైకే అడుగులు లెక్కపెడుతూ నడిచింది. మధ్యలో ఒకచోట ఏనుగంత రాయి అడ్డొచ్చింది. దారి దాని ఎడమ పక్కగా వంపు తిరిగి మళ్ళీ తిన్నగా సాగింది. కాగితం మీద ఆ వంపు లేదు. తొమ్మిది వందల ఎనభై అడుగులకు అడవి అయిపోయి పల్లె కనబడింది.

మొదటి ఇంటి ముందు ఒకావిడ పశువులకు గడ్డి కోసి పోగేస్తోంది. పక్కన మంచం మీద ఆవిడ మామగారు, ఎనభై దాటిన మనిషి, పారను సానపెడుతున్నాడు. మమ్మల్ని చూసి ఆవిడ మంచినీళ్ళిచ్చింది. వదిన నీళ్ళు ముట్టకుండానే అడిగింది.

"ఈ దారి ఎప్పటినుంచి ఉందండీ?"

"ఎప్పటినుంచో ఉంది, మధ్యలో మేమే పాడుపెట్టుకున్నాం" అంది ఆవిడ. "నేను కొత్తగా కాపురానికొచ్చినప్పుడు అంతా ముళ్ళపొదలే. రోడ్డుకెళ్ళాలంటే అడవి చుట్టూ తిరగాల్సిందే. అప్పుడు మాకో నర్సమ్మ వచ్చింది. టీకాలు పట్టుకొచ్చేది. చుట్టూ తిరిగొచ్చేసరికి పెట్టెలో ఐసు కరిగి మందులు పాడయ్యేవి. ఒకరోజు ఆఫీసు నుంచి మ్యాపు తెచ్చి మా మొహాన పెట్టింది. అడవిలోంచి దారుంది, మీ తాతలు నడిచిన దారిని మీరు పొదలపాలు చేశారు, సిగ్గులేదా అని తిట్టిపోసింది. మాకు తలకొట్టేసినట్టయింది. ఊరంతా కత్తులు పట్టుకుని మూడురోజులు కొట్టాం. మ్యాపులో లేదని ఆ రాయిని కూడా తీసేయమంది మహాతల్లి. అది మా వల్ల కాలేదు."

"ఎవరైనా లోపల దారి తప్పారా? ఎవరికైనా ఏమైనా..." వదిన నీళ్ళ గ్లాసు పక్కన పెట్టేసింది.

"అయ్యో, దారుంటే ఎందుకు తప్పుతారమ్మా? మా ఇద్దరు పిల్లలూ ఈ దారినే బడికెళ్ళారు. ఐసు కరగకుండా వచ్చిన మొదటి టీకా మా పెద్దదానికే వేశారు."

మంచం మీద పెద్దాయన పార పక్కన పెట్టాడు. "పాత దారమ్మా ఇది. నా చిన్నప్పుడు మా నాన్న చెయ్యి పట్టుకుని ఈ దారినే నడిచాను" అన్నాడు నిక్కచ్చిగా. కోడలు నా వైపు చూసి కన్ను గీటింది.

అక్కడితో ఊరుకోవచ్చు. నేనైతే ఊరుకుందును. మా వదిన ఊరుకునే రకమా? లేచి నిలబడి, పెద్దాయన ముందు చేతులు కట్టుకుని, తలుపు దడాలున వేసిన దగ్గర్నుంచి బ్లేడు దాకా పూసగుచ్చినట్టు చెప్పేసింది. "అప్పుడు ఇక్కడ దారి లేదండీ. అది నా చెయ్యి జారి పడ్డ గీత. మీ అందరికీ అబద్ధం రాసిచ్చాను" అని ముగించింది.

ఆవిడ గడ్డిమోపు వదిలేసి మమ్మల్నే చూస్తోంది. పెద్దాయన మట్టికొట్టుకున్న వదిన చెప్పుల వైపు గడ్డంతో చూపించి అడిగాడు.

"మరి ఇప్పుడు మీరు దేనిమీద నడిచొచ్చారు?"

వదిన వంగి తన చెప్పులు చూసుకుంది. ఆ పైన ఆమె ఏడ్చిందో నవ్విందో చెప్పలేను, రెండూ కలిసిపోయాయి. నేను మాత్రం శుభ్రంగా ఏడ్చాను. తిరిగొచ్చేటప్పుడు అదే దారిలో రెండుసార్లు అటూ ఇటూ నడిచింది. బస్సు తప్పిపోతుందని నేను మొత్తుకుంటున్నా రాయి దగ్గర ఆగి, వంపు ఎన్ని అడుగుల దగ్గర మొదలవుతుందో, ఎన్నింటికి ముగుస్తుందో మూడుసార్లు కొలిచింది.

సోమవారం పెద్దసారు గదిలోకి వెళ్ళి మొత్తం ఒప్పుకుందట. నేను వద్దన్నాను, అన్నయ్యా వద్దన్నాడు. పెద్దసారు అంతా విని, "ఇప్పుడక్కడ దారి ఉందా లేదా?" అని అడిగాడట.

"ఉంది సార్. నడిచి వచ్చాను."

"మ్యాపులోనూ ఉంది, నేల మీదా ఉంది. ఇంక తప్పేముందమ్మా?"

"వంపు సార్. రాయి దగ్గర దారి ఎడమకు తిరగాలి. షీటులో తిన్నగా ఉంది."

సర్వీసు పుస్తకంలో రాయమని వదిన పట్టుబట్టింది. ఏమని రాయాలో పెద్దసారుకు తోచక పుస్తకం మూసేశాడు. సరిదిద్దాల్సిన షీటును మాత్రం కంప్యూటరుకు ఇవ్వకుండా ఆమె బల్ల మీదికే పంపించాడు. ఆ చిన్న వంపు గీయడానికి ఆమెకు పూటంతా పట్టిందట. ముప్ఫైయొక్క ఏళ్ళలో ఆమె తన కాళ్ళతో నడిచి చూసి గీసిన గీత అదొక్కటే.