టెంటు మీద దోమతెర

నిరుడు వానాకాలం, ఫరీదాబాద్ శివార్లలో ఒక జామతోట. దాన్ని కౌలుకు తీసుకున్న ఆంటీది కాకినాడ వైపు. ఢిల్లీ ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరైంది. కాయ కోస్తే లోపల పురుగులు. బయటినుంచి వచ్చి పాతుకుపోయిన పండు ఈగ పని అది. ఈసారి కూడా పంట పోతే చెట్లు కొట్టించి ప్లాట్లు వేస్తానని స్థలం యజమాని తేల్చి చెప్పాడు.

నాది బయోకంట్రోల్, అంటే పురుగును దాని శత్రువులతోనే అదుపుచేసే పని. ఆ తోటలో పారాసిటాయిడ్ కందిరీగలు సహజంగానే ఉన్నాయి. చీమంత ఉంటాయి, మనిషిని కుట్టవు. పండు ఈగ పిల్లపురుగులో గుడ్డు పెడతాయి. ఆ గుడ్డులోంచి వచ్చిన కందిరీగ పిల్ల ఆ ఈగ పురుగును లోపలినుంచి తినేస్తుంది. మందు కొడితే ఇవీ చస్తాయి కాబట్టి మందు ఆపించాను. పురుగు పట్టి రాలిన కాయలు ఏరి వల టెంటులో పోయాలి. వల కన్నాల్లోంచి ఈగ దూరలేదు, సన్నటి కందిరీగ దూరిపోతుంది. ఈగలు లోపలే చస్తాయి, కందిరీగలు తోటలోకి పోతాయి.

"పురుగులకి టెంటేంటి బాబూ, పెళ్ళా?" అని నవ్వింది ఆంటీ. అంతా విని, "అచ్ఛా, ఐసోలేషన్ వార్డన్నమాట" అంది. అలాంటిదే అన్నాను.

టెంటు వేయించి వెళ్ళి, సోనీపత్ తోటల పని చూసుకుని మూడు వారాలకు తిరిగొచ్చేసరికి టెంటు తెల్లగా కనిపించింది. ఆంటీ తన దోమతెర తెచ్చి కప్పింది. అంచులు ఇటుకలతో నొక్కిపెట్టింది.

"నీ వలకి కన్నాలు పెద్దవి. సన్న పురుగులు దూరిపోతుంటే నేనే చూశాను. ఇప్పుడు ఒక్కటి పోదు."

రెండు వలల మధ్య చచ్చిన కందిరీగలు నల్లటి పొడిలా రాలి ఉన్నాయి.

"ఆంటీ, వాటిని వదలడానికే ఈ టెంటు."

"ఐసోలేషన్‌లోంచి ఎవరినైనా వదుల్తామా?" అంది. నా మొహం చూసి గొంతు తగ్గించింది. "ఇప్పుడు తీసేస్తే?"

తీశాం. బతికినవి కొన్నే. అప్పటికే చెట్ల మీద కాయలు పురుగు పట్టి మెత్తబడుతున్నాయి. కోత కోసం వచ్చిన వ్యాపారి ఒక కాయ చీల్చి, "సిస్టర్‌జీ, యే కౌన్ ఖాయేగా?" అని, ఇదెవరు తింటారన్నట్టు చూసి, ఖాళీ వ్యాన్ తిప్పుకుపోయాడు. యజమాని చెట్లు కొట్టించిన రోజు ఆంటీ కుర్చీ వేసుకుని చివరి చెట్టు పడేదాకా కూర్చుంది.

ఏది లోపల ఆగాలో ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఉద్యోగమంతా అదే చేసింది. ఏది బయటికి పోవాలో మాత్రం నేను చెబితే విందంతే, చేతికి అలవాటు లేదు. ఇప్పుడు ఏ తోటకు వెళ్ళినా, టెంటు వేయకముందే అడుగుతాను: "ఇంతకుముందు మీరు ఏం పని చేసేవాళ్ళు?"