మా శనగలు యాడికి పోతాయి?

పెళ్ళై కే.జీ.కండిగైకి వచ్చిన కొత్తలో నాకు ప్రతిదీ అడిగి తెలుసుకోవాలని ఉండేది. మా అత్తకి అది విసుగు. వరి కోసినాక, ఇంకా పదును ఆరని నల్లనేలలో ఆమె శనగలు చల్లించేది. నూర్పిడి కాగానే పక్కూరు కనకమ్మ సత్రం నుంచి బేరగాడు బండి కట్టుకొని వచ్చి, కళ్ళంలోనే కొలుచుకొని పోయేవాడు. ఆయన చెప్పిందే ధర.

"ఇవి యాడికి పోతాయత్తా?" అని అడిగినాను.

"యాడికి పోతే మనకేమే? దుడ్లు వచ్చినాయి గదా!"

ఆడినెలలో ఆడికృత్తిక తిరునాళ్ళకి తిరుత్తణి గుడికి పోయినాము. కొండ కింద వేయించిన శనగలు పొట్లాలు కట్టి అమ్ముతా ఉన్నారు. ఒక్క పొట్లం ధర అడిగినాను. ఆ ధరకి మేము కళ్ళంలో కొలిచే పడి నిండా శనగలు పోసిచ్చినాము.

మరుసటి ఏడు సగం పంట అమ్మకుండా ఆపమని అత్తని బతిమాలినాను. ఆమె గొణుక్కుంటానే గింజల్ని ఎండబెట్టి, వేపాకు కలిపి మట్టికాగుల్లో పోయించింది. మళ్ళీ ఆడినెలలో ఒక మూట బండిలో వేసుకొని తిరుత్తణిలో శనగలు వేయించే అంగడికి పోయినాము.

అంగడాయన పిడికెడు గింజలు వేడి ఇసకలో వేసి తిప్పినాడు. అవి నల్లబడినాయే కానీ పొట్టు విడవలేదు.

"మీవి సన్నగింజలమ్మా. నేను వేయించేవి లావువి. దూరం ఊర్ల నుంచి రైల్లో వస్తాయి."

అంటే, పోయినేడు నేను మావే అనుకొన్న శనగలు మావి కానే కావు! సిగ్గుకంటే ఆశ్చర్యం ఎక్కువైంది.

"మరి మావి ఎవరు కొంటారన్నా?"

ఆయన వీధికి అవతల గంప ముందర కూర్చున్న ముసలామెని చూపించినాడు. "ఆమె సుండల్ అమ్ముతుంది, తాలింపేసిన గుగ్గిళ్ళు. ఆమెకి సన్నవే కావాల. ఎంత ఉడికినా చితకవు."

ముసలామె మూట విప్పి చూసి, బేరగాడికంటే బాగా ఎక్కువే ఇచ్చింది. కానీ పుచ్చినవి ఏరి పక్కన పోసింది. అవేమీ కొంచెం కాదు. ఇంటికొచ్చి చూస్తే కాగుల అడుగునంతా పురుగు. ఎండలో, జల్లెడతో, చీపురుతో మూడుపూటలా అదే పని. సరుకు నిలవబెట్టేవాడు ఈ నష్టం కూడా చూసుకొనే ధర కడతాడని అప్పుడు తెలిసింది. ఆ తరువాత ఏటా సగం కళ్ళంలోనే అమ్మినాము, సగం ముసలామెకి పోసినాము.

అయితే ఆరోజు అంగడి దగ్గర ఇంకొకటి జరిగింది. బయలుదేరేముందు మా అత్త అంగడాయన్ని, "అయ్యా, ఆ లావు గింజలు పచ్చివి ఒక గుప్పెడు ఇస్తావా?" అని అడిగి కొంగున కట్టుకొన్నది. అదను రాగానే చేను చివర ఒక సాలు వేసింది. మొక్కలు ఏపుగా లేచినాయి, పూసినాయి, కాయలు మాత్రం అరాకొరా.

"ఇవి పండే ఆ ఊర్ల నేల ఎట్లుంటుందో ఏమో!" అని రోజూ పొద్దున పోయి ఆ సాలు ముందర గొంతుక్కూర్చునేది. పక్కనే నేనూ కూర్చునేదాన్ని.